“ఒమే, ఈ వయసులో నీకెందుకివన్నీ?” – టీకా తాత్పర్య సహితం

మన పెద్దలు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాశారు, శాస్త్రాలకు రాశారు, ఆ వ్యాఖ్యానాలకు మళ్లీ వ్యాఖ్యానాలు రాశారు. కోలాచలం మల్లినాథసూరి కాళిదాసుకు టీక రాయబోతూ, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చి మరీ కూర్చున్నాడు. తరవాతి కాలంలో మద్రాసులో వావిళ్లవారు టీకాతాత్పర్యాలతో పుస్తకాలు అచ్చేసి ఊరూరా పంచారు. పదో తరగతిలో ప్రతిపదార్థం బట్టీపట్టి గట్టెక్కిన ప్రతి తెలుగువాడూ సగం వ్యాఖ్యాతే. ఇంతమంది ఉండీ, చంద్రగిరి కోట నీడనున్న ఇళ్లల్లో నిత్యపారాయణం జరిగే ఒక వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. దానికి తాళపత్రం లేదు, శాసనం లేదు. రాజమహల్లో పురావస్తు శాఖవాళ్లు పెట్టిన మ్యూజియమంతా గాలించినా దొరకదు. కర్త పేరు తెలియదు. అపౌరుషేయమని సరిపెట్టుకుందామంటే, దాన్ని ఉచ్చరించేది ఎక్కువగా పురుషులే. ఆ లోటు తీర్చడానికే ఈ ప్రయత్నం. మల్లినాథుడి మొదటి నియమాన్ని పాటిస్తాం. రెండోదానికి హామీ ఇవ్వలేం.

మూలం: “ఒమే, ఈ వయసులో నీకెందుకివన్నీ?”

ముందు పాఠం తేల్చుకోవాలి. పైన ఇచ్చింది భర్తృపాఠం. చంద్రగిరి, పాకాల వైపు ఎక్కువ వాడుకలో ఉన్నది ఇదే. బెంగుళూరు నుంచి శనివారం పొద్దున బస్సు దిగిన కొడుకు దీన్ని “నీకెందుకు మా ఇయన్నీ” అని చదువుతాడు. అందులో ‘ఈ వయసులో’ అన్నది లోపించినా వినేవాళ్లకు వినపడుతూనే ఉంటుంది. కోడలి పాఠంలో మాటలుండవు, ఒక చిన్న నవ్వు మాత్రం ఉంటుంది. దాన్ని ప్రక్షిప్తమని కొట్టేయడానికి లేదు, ఒక్కోసారి మూలం కంటే అదే గట్టిగా తగులుతుంది. ఎదురింటి పాఠం ప్రథమపురుషలో, వాకిలి ఊడుస్తూ సాగుతుంది: “ఈ వయసులో ఆమెకెందుకంట?” మగవాళ్ల మీద ప్రయోగించే పాఠం కూడా ఒకటుంది, రిటైరయ్యాక హార్మోనియం కొనుక్కొచ్చిన ఆయన వినేది: “ఈ వయసులో నీకు ఏషాలెందుకు నాయనా?” అయితే దీన్ని పలికేవాళ్లు గొంతు తగ్గించి పలుకుతారు, పలికి వెంటనే టీ తెచ్చిస్తారు. ప్రామాణ్యం తక్కువ. అందుచేత ఈ వ్యాఖ్యకు భర్తృపాఠమే ఆధారం.

ఏ గ్రంథానికైనా అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం అనే నాలుగూ చెప్పాలని సంప్రదాయం. ఈ వాక్యానికి అధికారి, సాయంత్రం ఆరున్నరకు కాఫీ కోసం లోపలికి చూసి వంటింట్లో ఎవరూ లేరని గ్రహించినవాడు. విషయం, ఆ సమయానికి గుడి ముందర చెప్పులు విడిచి, కోలలు పట్టుకుని వరసలో నిలబడ్డ ఆమె. సంబంధం, పెళ్లి. ప్రయోజనం, కాఫీ. ఇక ప్రతిపదార్థం. ఒమే = ఓ ఇల్లాలా; ఈ వయసులో = నలభై అయిదు దాటి అరవై దాటని ఈ కాలమందు; నీకు = ఇంట్లో ఎవరి మాత్రలు ఎక్కడున్నాయో తెలిసిన ఒకే ఒక మనిషివైన నీకు; ఎందుకు = ఏ ఫలాన్ని కోరి; ఇవన్నీ = కోలాటం, పాటల పుస్తకం, రంగుల పెట్టె, కుట్టు ఫ్రేము, రాసి దాచుకున్న కథ మొదలైనవి. ఆమె దగ్గర ఉన్నది నిజానికి ఒక్క జత కోలలే కావచ్చు. అది ‘ఇవన్నీ’ ఎలా అయిందని శిష్యుడు అడిగితే, గౌరవార్థంలో బహువచనం ఉన్నట్టే విసుగు అర్థంలోనూ ఉంటుందని సమాధానం. ‘ఎందుకు’ అనేది ప్రశ్నార్థకం కాదు, కాకువు. ప్రశ్నే అయితే జవాబు కోసం ఒక్క క్షణమైనా ఆగేవాడు. పలికినవాడు టీవీ వైపు తిరిగిపోయాడు గనుక ఇది నిషేధమని శాస్త్రం తేల్చేస్తుంది.

ఈ వాక్యానికి ప్రాణం ‘వయసు’ అనే హేతువు. అసలు పరీక్ష అక్కడే. మామూలుగా అందరూ చెప్పే లెక్క బాల్యం, కౌమారం, యౌవనం, వార్ధక్యం అనుకుంటూ పోయి నడివయసును దాటేస్తుంది. వాడుకలో ఆ కాలానికి ఒక విచిత్రమైన గుణం ఏర్పడింది: ఎవరు మాట్లాడుతున్నారన్న దాన్నిబట్టి అది ముసలితనంగానూ పడుచుతనంగానూ మారుతుంది. కోలాటానికి పోతానంటే, యాభై రెండేళ్లు మోకాళ్లు పోయే వయసు. బెంగుళూరులో మనవణ్ణి చూసుకోవాలంటే అవే యాభై రెండేళ్లు “ఇంకా ఏం వయసయిందమ్మా, తిరుగుతానే ఉండావు కదా” అయిపోతాయి. గ్యాస్ సిలిండరు జరపడానికి చాలిన నడుము గెజ్జెలు కట్టి అడుగు వేయడానికి చాలదు. పెళ్లికి మూడు రోజుల ముందే వచ్చి రెండొందల మందికి పసుపు కుంకాల సంచులు సర్దగలిగిన చేతులు చిత్రం గీస్తే మాత్రం వణుకుతాయి. ఒకే హేతువు ఒకే మనిషి విషయంలో పొద్దున ఒక ఫలితాన్నీ సాయంత్రం దాని విరుద్ధాన్నీ ఇస్తుంటే, తర్కం చదివినవాళ్లు దాన్ని హేతువు అనరు, హేత్వాభాస అంటారు.

అయితే వయసు కారణం కాకపోతే మరేమిటి? దీన్ని ఎదురు ఉదాహరణలతో తేల్చాలి. అంటే, అదే వయసు ఉండి కూడా ఈ ప్రశ్న పుట్టని చోట్లను వెతకాలి. చంద్రగిరి చుట్టుపక్కల అలాంటి చోట్లకు కరువు లేదు. శ్రీనివాసమంగాపురం దగ్గర శ్రీవారి మెట్టుంది, 2,388 మెట్లు. ఒక్కో మెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి పైకెక్కే నడివయసు ఆడవాళ్లు ఏ రోజైనా కనిపిస్తారు. మోకాళ్ల సంగతి అక్కడ ఎవరూ ఎత్తరు, పైగా ఇంటాయనే వెనకాల నీళ్ల సీసా పట్టుకుని నడుస్తాడు. మే నెలలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడండి. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అంటూ రోజుకొకటి వస్తుంది. సంసారం, మీసం, రేషను కార్డు అన్నీ ఉన్న గృహస్థుడు చీర కట్టి, గాజులు తొడిగి, జడ వేసుకుని, కాటుక దిద్దుకుని నడివీధిలో నడుస్తాడు. భార్యే కుచ్చిళ్లు సర్ది పంపుతుంది. ‘ఏషాలెందుకు’ అన్న పురుషపాఠం ఆ వారం రోజులూ ఊరంతటా మూగబోతుంది.

వేసవిలో ధర్మరాజుల గుడి దగ్గర జరిగే భారతం ఇంకా పెద్ద దృష్టాంతం. చిత్తూరు సీమలో దీని గురించి తెలియనివాళ్లుండరు. మామూలుగా పద్దెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. ద్రౌపదీ కల్యాణం జరుగుతుంది. అర్జునుడి వేషం కట్టినాయన పద్యాలు పాడుకుంటూ మెట్టు మెట్టుగా తపసు మాను ఎక్కుతాడు. సంతానం కోరుకునే ఆడవాళ్లు తడిబట్టలతో కింద సాగిలపడి ఉంటారు. చివరి రోజుల్లో ఊరి బయట నేలమీద పడుకోబెట్టిన మట్టి దుర్యోధనుడి తొడను భీముడు పగలగొడతాడు. ఆ సాయంత్రం నిప్పుల గుండం. ఈ వేషాలు కట్టేవాళ్లలో చాలామంది మిగతా నెలల్లో చేనిలోనో కూలిలోనో ఉండేవాళ్లే. ముఖ్యవేషం మీసం మొలవని పిల్లవాడికి ఇవ్వరు. వచనం, పద్యం, దరువు నోట్లో నాని నాని నలభై దాటినవాడికే దుర్యోధనుడు దక్కుతాడు. కిరీటం, భుజకీర్తులు బిగించుకుని తెల్లవారేదాకా ఆడే ఆ మనిషిని నీకీ వయసులో ఎందుకివన్నీ అని అడిగితే, అడిగినవాడిని ఊరే పక్కన కూర్చోబెడుతుంది. వ్యాఖ్యాతకు ఇక్కడ దొరికే సంగతి ఏమంటే, ఈ సీమలో ఊరుమ్మడి కళ అనదగినదంతా నడివయసు మనుషుల భుజాల మీదే నడిచింది. కుర్రవాళ్లకు చదువు, ఉద్యోగం, వలస. ముసలివాళ్లకు గొంతు చాలదు. చెక్కభజనకు అడుగు నేర్పేది, పండరిభజనకు తాళం పట్టేది, కోలాటానికి కోపు చెప్పేది మధ్యలో మిగిలినవాళ్లే.

మరికొన్ని మినహాయింపులు చకచకా చూసి వదిలేయవచ్చు. ఊరగాయలు పెట్టి అమ్మితే ప్రశ్న రాదు, డ్వాక్రా సంఘంలో కుట్టుమిషను నేర్చుకుంటే రాదు, ఎందుకంటే రూపాయి వస్తుంది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలకు పాపను తీసుకెళ్లి, పాఠం అయ్యేదాకా అమ్మ బయట కూర్చుంటే రాదు, ఎందుకంటే పాపకు సర్టిఫికెట్టు వస్తుంది. ఆ గంటలో అమ్మ కూడా లోపలికెళ్లి స్వరం పలికితే ఆ సాయంత్రమే వస్తుంది. కాబట్టి ఇంటి శాస్త్రంలో ఆమె కాలానికి మూడే పరవానాలున్నాయి: మొక్కు, సంపాదన, సంతానం. ఈ మూడింటిలో దేని ముద్రా లేని గంట దొరికితే దాన్ని అనాథ ఆస్తిగా లెక్కకట్టి ఇల్లు స్వాధీనం చేసుకుంటుంది. మూలంలో ‘ఈ వయసులో’ అని పైకి వినిపించేచోట ‘మా అనుమతి లేని ఈ గంటలో’ అని అన్వయించుకుంటేనే వాక్యం కుదురుతుంది.

దీని మీద పూర్వపక్షం బలంగానే ఉంది. మొదటిది గృహపక్షం: ఆమె పోతే ఇల్లేం గావాల? నవ్వి తీసిపారేయదగిన మాట కాదిది. వంట నిజం, మంచంపట్టిన అత్తగారు నిజం, రాత్రి ఎనిమిదికి వచ్చే నీళ్లు నిజం. సమాధానం అంకెల్లో ఉంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా కాలం ఎవరు ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారని అందులో తేలింది. అదే పని చేసే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. ఇది చేసే మగవాళ్ల సంగతి. అసలు చేసేవాళ్లే నూటికి ఇరవై ఆరుగురు, ఆడవాళ్లలో ఎనభై ఒక్కరు. తేడా 202 నిమిషాలు. కోలాటం సాధన గంటసేపనుకుంటే ఆ తేడాలో మూడు సాధనలు పట్టి, ఇంకా కాఫీ కాచుకునేంత టైం మిగులుతుంది. ఇల్లు ఆగిపోయేది ఆమె గంటసేపు బయటికి పోయినందుకు కాదు. ఆ గంట ఎత్తుకునే రెండో చెయ్యి ఇంట్లో తయారు కానందుకు. ఆ రెండో చెయ్యి ఉన్నచోట ఏమవుతుందో కూడా చూద్దాం. శ్రీకృష్ణదేవరాయల బాల్యం కొంత ఈ చంద్రగిరిలో గడిచిందని చెప్పుకుంటారు. కళింగ దండయాత్రలో ఉండగా శ్రీకాకుళం ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి కావ్యం రాయమన్నాడని ఆయనే ఆముక్తమాల్యద అవతారికలో చెప్పుకున్నాడు. రాజ్యం వృత్తి, యుద్ధం నడుస్తోంది, మధ్యలో కావ్యం. ఆయన్ను ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. రాజు గనుక అడగలేదని ఒక సమాధానం. వంటశాలలో వేరే మనుషులుండబట్టి అడగలేదని ఇంకోటి. రెండోదే మాకు సమ్మతం.

రెండోది నైపుణ్యపక్షం: ఇప్పుడు మొదలుపెట్టి ఏం సాధిస్తుంది, ఆ విద్య పట్టుబడేదా పాడా? దీనికి పెద్దలను సాక్షులుగా పిలవవచ్చు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1893లో పుట్టారు. మైసూరులో అధ్యాపక ఉద్యోగం ముగించుకుని 1950లో తిరుపతికొచ్చేనాటికి యాభై ఏడేళ్లు. రాగిరేకుల మీద శతాబ్దాలు నిద్రపోయిన అన్నమయ్య సంకీర్తనలకు స్వరాలు కూర్చిన పని ఆ తరవాతిది. సంగీత కళానిధి బిరుదు 1974లో, ఎనభై దాటాక. పాకాల దగ్గర, దామల్‌చెరువులో బడిపంతులుగా బతికిన మధురాంతకం రాజారాం సుద్దముక్క కింద పెట్టాకే కలం పట్టుకునేవారు. ఆయన కథలకు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది 1993లో, అరవై మూడో ఏట. పూర్వపక్షి ఇక్కడ ఊరుకోడు: రాళ్లపల్లివారు బిడారం కృష్ణప్ప దగ్గర పాట నేర్చుకున్నారు, రాజారాం పడుచుతనం నుంచే రాస్తున్నారు, వీళ్లెవరూ నడివయసులో ఓనమాలు దిద్దలేదు కదా అంటాడు. ఆ ఆక్షేపణ న్యాయమైనదే, ఒప్పుకోవాలి. అయితే ఒప్పుకున్నకొద్దీ అది అతనికే అడ్డం తిరుగుతుంది. కోలాటం వరసలో నిలబడ్డ ఆమె కూడా ఓనమాల దగ్గర లేదు. బడిలో పాడింది, ధనుర్మాసం నెలంతా ముగ్గు వేసింది, పెళ్లితో ఆపింది. ఇరవై అయిదేళ్ల తరవాత ఆమె చేస్తున్నది ఆరంభం కాదు, ఆగినచోట మళ్లీ ఎత్తుకోవడం. ఆపించినవాళ్లే ఆలస్యమైందని నిందించడం ఏ స్మృతిలోనూ లేదు. నిఖార్సుగా కొత్తగా మొదలుపెట్టినవాళ్లే కావాలంటే రవీంద్రనాథ్ ఠాగూర్ ఉన్నారు. 1919లో మదనపల్లెలో ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చుకున్నప్పుడు ఆయనకు యాభై ఏడు. అప్పటికి చిత్రకారుడిగా ఆయన్నెవరూ ఎరగరు. రాతప్రతుల్లో కొట్టివేతలను కలుపుకుంటూ గీసిన గీతలు అరవైల్లో బొమ్మలయ్యాయి. 1930లో పారిస్‌లో ప్రదర్శన పెట్టారు. ఇన్ని చెప్పాక కూడా వ్యాఖ్యాతకు ఒక అనుమానం మిగులుతుంది. ఈమె రాళ్లపల్లీ ఠాగూరూ కాకపోతే మాత్రం ఏమి? జడకోలాటంలో పదహారు మంది తాళ్లు పట్టుకుని అల్లుతుంటే జడ సరిగ్గా పడాలి, విప్పేటప్పుడు సరిగ్గా విడాలి. ఒక్కరు తప్పు వైపు తిరిగితే మొత్తం చిక్కుపడుతుంది. ఆ పదహారు మందిలో తన తాడు చిక్కుపడకుండా తిప్పడం చాలినంత నైపుణ్యం. బిరుదులు వచ్చేవాళ్లకు వస్తాయి.

మూడోది భక్తిపక్షం, ఇది ఆమె తరఫునే మాట్లాడుతున్నట్టు వస్తుంది: కోలాటం స్వామి సేవ, దాన్ని సరదా అనడం అపచారం. బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు ఒకే రంగు చీరల్లో సాగే బృందాలను, తితిదే దాససాహిత్య ప్రాజెక్టు భజన మండళ్లను చూసినవాళ్లు ఈ మాటను కాదనలేరు. భక్తి ఉంది, దాన్ని తగ్గించాల్సిన పనిలేదు. కానీ వాళ్ల ముఖాల్లో ఇంకోటి కూడా ఉంది. దాన్ని సంతోషమంటారు, దాన్ని దాచిపెట్టాల్సిన పనీ లేదు. ఈ సీమలో ఆడమనిషి గడప దాటడానికి ఎప్పటినుంచో స్వామే దారి చూపించాడు. పద్దెనిమిదో శతాబ్దంలో తరిగొండ వెంగమాంబ కథ అందరికీ తెలిసిందే. చిన్ననాటే భర్త పోతే, జుట్టు తీయించుకోవడానికి ఒప్పుకోక, ఊరి మాటలు పడి, కొండెక్కి, అక్కడ కావ్యాలు రాసుకుంది. ఇవాళ తిరుమలలో రోజూ వేలమంది అన్నం తినే నిత్యాన్నప్రసాద కేంద్రానికి ఆమె పేరే పెట్టారు. తరిగొండలో ఆమెను అడిగిన ప్రశ్న ఏ మాటల్లో ఉండేదో గానీ, భావం మన మూలానికి దూరం ఉండదు. దేవుడి పేరున దొరికిన గంటను దేవుడి పేరుననే వాడుకోవడంలో తప్పులేదు. ఏ పేరూ పెట్టకుండా వాడుకోగల గంట కూడా ఆమెకు ఉండాలన్నదే మా వాదం. కథ రాసే ఆమెకు, గుడ్డ మీద రంగులద్దే ఆమెకు స్వామి పూచీకత్తు ఉండదు. అసలు ఇబ్బంది వాళ్లది.

నాలుగోది, ఎక్కువగా గుసగుసలుగా వినిపించేది: ఈ బృందాలన్నీ ఫోన్లో వీడియోలకే, చీరల కోసమే, ముందు వరసలో ఎవరు నిలబడాలన్న కొట్లాటలే. నిజమే, కొట్లాటలున్నాయి. చిలకపచ్చా వంకాయరంగా అన్న వివాదం వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు నడుస్తుంది, ఒకామె గ్రూపులోంచి వెళ్లిపోతుంది, మూడో రోజు ఇంకొకామె వెళ్లి పిలుచుకొస్తుంది. దీన్ని దోషంగా చూపేవాళ్లు ధర్మరాజుల గుడి కమిటీ సమావేశానికి ఒక్కసారి పోయి రావాలి. ఆస్తి గురించి, పిల్లల పెళ్లిళ్ల గురించి, ఆడబిడ్డ మాటల గురించి పోట్లాడుతూ వచ్చిన మనిషికి, తన అడుగు గురించి, తన వరస గురించి పోట్లాడే చోటు యాభయ్యో ఏట దొరికింది. సంఘం అంటే ఇంతకన్నా వేరే ఏదో ఉంటుందని ఏ భాష్యకారుడూ నిరూపించలేదు.

అలంకారం గురించి ఒక్క ముక్క. కొందరు ఈ మూలంలో వ్యాజస్తుతి చూస్తారు. అంటే, పైకి నింద, లోపల “నువ్వు లేకపోతే నాకు దిక్కు తోచదు” అన్న ప్రశంస అని. ఈ వ్యాఖ్యానం ఇళ్లల్లో బాగా చెలామణీ అవుతోంది, ముఖ్యంగా పలికినవాడు దొరికిపోయినప్పుడు. మాకు అంగీకారం కాదు. దిక్కు తోచనివాడు స్టవ్వు వెలిగించడం నేర్చుకోవచ్చు, అందుకూ వయసు అడ్డం కాదు.

ఇక వినియోగ విధి. ఈ వాక్యాన్ని పూర్తిగా నిషేధించమని మేము అనం. ఇన్నాళ్లుగా పారాయణంలో ఉన్న మూలాన్ని ఒక్క వ్యాఖ్యతో తీసేయడం సాధ్యం కాదు. అయితే పలకదలచినవాళ్లకు ఒక్క నియమం: సాధన ఉన్న ఆ పూట రాత్రి వంట చేసి, గిన్నెలు కడిగి, వంటింటి గట్టు తుడిచి, ఆ తరవాత పలకండి.